పూలెవరు కొంటారు

గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో నా మెస్సు.
నెల్లూరు వాళ్ళూ కడప వాళ్ళూ
ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని వస్తారు,
కారం తగ్గించమంటారు,
ఆ నోటితోనే ఆవకాయ ఉందా అంటారు.

ఆ డిసెంబరులో వెర్నా వచ్చింది.
ఏ ఊరమ్మా అంటే ట్రినిడాడ్ అంది.
గూడూరుకి ఇవతలా అవతలా అని అడగబోయి ఆగాను.
రంగు మా పిన్నిది, నడక కాదు.
ఇంటిపేరు మూన్‌సామి.
మునుస్వామేనా అంటే
"అయ్యుంటుంది" అంది,
ఎవరో మర్చిపోయిన గొడుగు గురించి అడిగినట్టు.

మొగుడు కార్ల్‌టన్‌కి గుండె కోసి పదకొండో రోజు.
ఇడ్లీ వద్దు, జావ వద్దు.
నా చారుకి మొహం తిప్పుకున్న మొదటి మనిషి.
"క్రిస్మస్ వస్తోంది,
సోరెల్ లేందే ఆయన నోరు తెరవడు" అంది.
ఫోన్లో బొమ్మ చూపించింది.
నేను నవ్వాను, గరిటె జారి కింద పడేటంత.
అమ్మా, అది గోంగూర!

ఆకు కాదట.
పూరేకులు రాలిపోయాక
కాయని పట్టుకుని ఉంటాయే,
ఎర్రటి దళసరి దొప్పలు, అవి.

చింతాద్రిపేట మార్కెట్లో కన్నియమ్మని అడిగితే
నన్ను కిందికీ పైకీ చూసింది.
"పూలెవరు కొంటారక్కా, ఆవుకి వేస్తాం."
మర్నాడు గోనెసంచి తెచ్చింది, డబ్బులొద్దంది.
వెర్నా గుప్పెడు తీసి
కళ్ళు మూసుకుని వాసన చూసేసరికి
"నలభై ఇవ్వండి" అంది.

ఆ రాత్రి బల్లలన్నీ తుడిచేశాక
నేల మీద కూర్చుని గింజలు తీశాం.
అల్లం, లవంగం, దాల్చిన చెక్క,
నారింజ తొక్క ఎండబెట్టింది.
నీళ్ళు మరిగి రంగెక్కుతుంటే
మా ఏలుమలై గిన్నెలోకి తొంగి చూసి
చెంపలేసుకున్నాడు.

తెల్లారేదాకా నానాలి, మూత తీయకూడదు.
అందాకా ఆమె వాళ్ళ ఊరు వండింది నోటితోనే:
చేమాకూ బెండకాయా కొబ్బరిపాలలో ఉడికి
పీత డెక్క పైకి తేలే కల్లలూ.
చన్నా అంటుంది, గీరా అంటుంది, తల్కారీ అంటుంది.
మా మాట ఒక్కటైనా ఉందా అని
గోంగూర, పులుసు, పచ్చడి, ఒక్కొక్కటే అన్నాను.
తల అడ్డంగా ఊపింది.
ఎందుకో చివుక్కుమంది.
మేం ఆకు తింటాం, మీరు పువ్వు తాగుతారు,
ఒకే మొక్కని చెరో చివరి నుంచీ.
మధ్యలో కాడ
ఎంత పొడుగో.

రమ్ము చుక్క పడాలట.
ఏలుమలై పేపర్లో చుట్టి పావుసీసా తెచ్చాడు.
కందిపప్పు డబ్బా వెనక దాచాను,
అక్కడ నాకు కాక ఇంకెవరికి భయమో.

కార్ల్‌టన్‌కి రమ్ము లేదు, పంచదార లేదు,
డాక్టరుని అడిగి నాలుగు చెంచాలు.
మూడో చెంచాకి కళ్ళు తెరిచి
వాళ్ళ ఇంగ్లీషులో ఏదో గొణిగాడు.
వెర్నా నవ్వుతూ ఏడ్చింది.
"మా అత్తయ్య చేసింది ఇంతకంటే బాగుండేదట."
అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.
వంకపెట్టే రోగి బతుకుతాడు.
ఇరవయ్యేళ్ళ మెస్సులో
నేను నేర్చుకున్న వైద్యం అదొక్కటే.

మిగిలింది మేమిద్దరం తాగాం,
అన్నీ వేసుకునే.

పోయేటప్పుడు ఒక పొట్లం ఇచ్చింది,
ఏదో చెట్టు బెరడు, మోబీ.
మరిగించి తాగాలి,
ముందు చేదు, తర్వాత తీపి అంది.
తర్వాత అంటే ఎప్పుడో చెప్పలేదు.
ధనియాల డబ్బా పక్కన ఇంకా అలాగే ఉంది.

మొన్న కన్నియమ్మ
నేనడక్కుండానే గోనెసంచి దించింది.
"ఆ అమ్మ వచ్చిందా?"
రాలేదన్నాను.
"మరి పూలు?"
ఇక్కడే పెట్టు అన్నాను.
అరవై అంది.