పెరటి గుమ్మం నుంచి చెస్టర్

ఈ ఊళ్ళోకి మేం వీధి గుమ్మంలోంచి రాలేదు.
కాలువ మమ్మల్ని పెరటి వైపు నుంచి తీసుకొచ్చింది.
చెత్తడబ్బాలు, చిరిగిన ట్రాంపొలిన్,
వంటింటి కిటికీలో గిన్నెలు తోముతున్న ఒకాయన
సబ్బు నురగ చేత్తోనే చెయ్యూపాడు.
చుట్టాలైతేనే కదా ఇలా వచ్చేది,
చెప్పులు దొడ్డిగుమ్మం దగ్గర విడిచి.

మనిషి నడిచే వేగం మా పడవది.
అదీ కాస్త గొప్పలు పోవడమే.
చేతికర్రతో వెళ్తున్న ఓ ముసలావిడ మమ్మల్ని దాటేసి
వంతెన మీద ఆగి, పాపం, వెనక్కి చూసింది.
చుక్కాని పట్టుకున్న భాస్కరం ఏమాత్రం సిగ్గుపడలేదు.
ముప్ఫయ్యెనిమిదేళ్ళు క్రూ స్టేషన్లో
రైళ్ళ ఆలస్యానికి సంజాయిషీ రాసిన మనిషి.

ఒడ్డున ఒక ఎర్రిటుక గోపురం, దేవుడెవరూ లేనిది.
పైనుంచి కరిగిన సీసం జారవిడిస్తే
కిందికొచ్చేసరికి గుండ్రటి తుపాకి గుళ్ళయ్యేవట.
"పడటంలోనే రూపం వచ్చిందన్నమాట," అన్నాను.
"ముందా సుత్తి ఇటివ్వు," అంది హైమవతి.

మేకులు దిగ్గొట్టి, తాళ్ళు కట్టి,
పాయిఖానా డబ్బా అంత దూరమూ మోసుకెళ్ళి ఒంపి,
చేతులు మూడుసార్లు కడుక్కుని
కెథడ్రల్‌కి బయల్దేరాం.

లోపల చల్లగా ఉంది. ఎవరో ఆర్గన్ సరిచేస్తున్నారు,
ఒక్కటే స్వరం, మళ్ళీ మళ్ళీ,
పంటి నొప్పిలాగా.
బయట బజారు నెత్తిన ఇంకో బజారు.
పై అంతస్తు చెక్కనేల ఒకవైపు ఒరిగి ఉంటే
మూడురోజులుగా పడవలో ఊగిన మా కాళ్ళకి
అదే సమంగా తోచింది.
గడియారం కింద అందరూ ఫోన్లెత్తారు.
హైమవతి మాత్రం తన వాచీ రెండు నిమిషాలు ముందుకు తిప్పుకుంది.
రోమన్ల రంగస్థలం సగమే తవ్వారు.
మిగతా సగం మీద ఒక భవనం కూర్చుని ఉంది,
లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

ఆమె లెక్కల పుస్తకంలో ఆ మధ్యాహ్నం:
చిప్స్, పదకొండు పౌన్ల నలభై.
అందులో సముద్రపు కాకి తిన్నది, సుమారు రెండు.

సాయంత్రం కోటగోడ మీద నడుస్తుంటే
ఉత్తరపు మూల, రాయి తొలిచిన లోతులో
ఒక పచ్చటి పడవ కనిపించింది.
కప్పు మీద సత్తు కెటిల్, బంతిపూల కుండీ,
గాలికి ఉబ్బుతున్న గళ్ళ లుంగీ.
పక్కన ఒక జంట ఫొటోలు తీస్తున్నారు.
"అలా బతకాలి," అందావిడ.
ఆయన తలూపాడు, ఆమె మాట పూర్తిగా విననట్టే.
అది మాదేనని మేం చెప్పలేదు.
భాస్కరం గోడ పట్టుకుని కిందికే చూశాడు,
ఎవరి లుంగీయో అన్నట్టు.

దిగి వచ్చాక, కాలువ మలుపు దగ్గర
రాతి అంచున నిలువునా గాళ్ళు కనిపించాయి.
గుర్రాలు పడవలు లాగిన రోజుల్లో
తడి తాడు కోసిన కోతలట.
నా వేలు మొదటి కణుపు దాకా దిగింది.
లోపల ఇసుక, ఒక నత్తగుల్ల.
ఏ గుర్రమూ ఈ రాయిని కొయ్యాలనుకుని ఉండదు.
ఆ రోజు బొగ్గో, ఉప్పో, జున్నో
చేరాల్సిన చోటికి చేరితే చాలుననుకుని ఉంటుంది,
అదైనా అనుకునేదో లేదో.

భాస్కరం నాకన్నా ఎక్కువసేపు అక్కడే ఉన్నాడు.
చీకటి పడ్డాక, తాళ్ళు చూసొస్తానని లేచి
లుంగీ చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.

ఇంకా తడిగానే ఉంది.