కాకిబంగారం

పెయింట్ షాపులో, ట్యూబులైట్ల సొరంగం కింద
షిఫ్టుకు రెండొందల నలభై తలుపులు తడుముతాను.
చేతికి తెల్లటి తొడుగు.
కంటికి చిక్కని గరుకు వేలికి చిక్కుతుంది:
దుమ్ము నలుసు, దారప్పోగు, నారింజ తొక్కలాంటి ముడత.
వీటి పేర్లు శ్రీపెరంబుదూరులో మూడు నెలలు నేర్పించారు.
వేళ్లకు మాత్రం అంతకు ముందే వచ్చు.

మా పక్కింటి పెంచలమ్మ
కలిచేడు అభ్రకం షెడ్డులో పద్నాలుగో ఏట కూర్చుని
యాభయ్యో ఏట లేచింది.
షెడ్డుకు తాళం పడ్డాక కూడా అలవాటు పోక
తుక్కు గుట్టల మీద ఏరుకొచ్చి
కత్తి మొనతో రేకులు విప్పేది.
"ఇది అయిపోలేదు మే, ఇంకా రెండు పొరలుండాయి"
అని నా చేతిలో పెట్టేది.
నాకప్పుడు ఆరేళ్లు.
ఉల్లిపొర కంటే పల్చన ఎంతో
ఎక్కాల కంటే ముందు వచ్చింది.

కార్ల కంపెనీ వచ్చింది.
సైదాపురం రోడ్డు వెడల్పయింది.
టీ బంకు మస్తానయ్య బోర్డు రాయించాడు:
'కంపెనీ కార్డు ఉన్నవారికే అరువు.'

ఐటీఐలో పరీక్షనాడు
పూణే నుంచి వచ్చిన సారు రెండు రేకులిచ్చి
ఏది మందం అన్నాడు.
ఎడమ చేతిది, వెంట్రుకలో సగం, అన్నాను.
మీటరు పెట్టి చూశాడు. మళ్లీ పెట్టి చూశాడు.
"ఎక్కడ నేర్చుకున్నావ్?"
ఏ సర్టిఫికెట్టు పేరు చెప్పను?

ఈ నెల కొత్త రంగు, ముత్యపు తెలుపు.
డ్రమ్ము మీది చిన్నక్షరాల్లో నాలుగో వరుస: అభ్రకం పొడి.
యాడిదో, ఓడెక్కి కృష్ణపట్నంలో దిగింది.
మా గని గుంతల్లో నీళ్లు నిలిచి
బర్రెలు ఈదుతుండాయి.

కంపెనీ చూడను ఇంటోళ్లని తెమ్మన్న రోజు
కూలి పోతుందని అమ్మ రాలేదు.
ఆ పాసు మీద పెంచలమ్మను తీసుకెళ్లాను.
కాళ్లకు నీలం సంచులు, తలకు టోపీ.
ముట్టుకోగూడదవ్వా అనేలోపే
వెనక తలుపు మీద చెయ్యేసి కళ్లు మూసుకుంది.
"ఈడ, పిడి కింద. రవ్వ ఉండాది."
లైటు వేశాం, లేదు.
భూతద్దం పెట్టాం, ఉంది.
అది నేను పాస్ చేసిన తలుపు.

సూపర్‌వైజరు నవ్వి ఎర్ర స్టిక్కరు అంటించాడు,
ఆమెకు మైసూరుపాకు పొట్లం ఇచ్చాడు.
పని ఇస్తామనలేదు. ఆమె అడగనూ లేదు.

బస్సులో అడిగింది,
"నెలకెంతిస్తారు మే, ఈ తడివినందుకు?"
చెప్పాను.
పొదలకూరు అడ్డరోడ్డు దాటిందాకా
కిటికీలోంచి చూస్తా కూర్చుంది.
"మాకు కేజీ లెక్కన" అంది.

పొట్లం విప్పి పెద్ద ముక్క నాకు పెట్టింది.
కాగితం మీద ఆమె వేలిముద్రలు
మెరుస్తా ఉన్నాయి.
నెయ్యే అయ్యుంటుంది.