ఫలక్‌నుమా దాకా

తొమ్మిది నెలల మొక్కులన్నీ
కిరాణం ఖాతాబుక్కు ఎనక పేజీలల్ల రాసుకున్న.
బల్కంపేట ఎల్లమ్మకు చీర, ఆకుపచ్చది, పెద్దంచు.
చిలుకూరుల నూటెనిమిది చుట్లు,
బాలింత నడుము ఒప్పుకుంటె.
పక్కపోర్షన్ ఖాలిదా ఆపా చెప్పిందని
నాంపల్లి దర్గాకు ఒక చాదర్.
బాకీలు రాసినట్టె, తేదీలేసి.

మా అత్త అండాలమ్మ మణికట్టుకు పసుపుతాడు కట్టింది.
"దీన్ని తెంపనియ్యకు, ఎవరన్నా సరే."
సర్కారు దవాఖానల తలుపు కాడనే
సిస్టరమ్మ కత్తెర పట్టుకొని నిలబడ్డది.
గాజులు, మెట్టెలు, కమ్మలు, తాడు
ఒక కవర్ల ఏసి, మీద నా పేరు రాసి
రాజలింగం చేతిల పెట్టింది.
ఒట్టి మణికట్టుతోని లోపలికి పోయిన.
ఆడ అయ్యింది నాకు భయం.

పక్క మంచం మీద షాద్‌నగర్ ఆమె. మూడో కాన్పు.
"మొదటిదేనా? తెల్లారేదాక టైముంది, జరసేపు పండుకో" అని
తనే గురక పెట్టింది.
నవ్వొచ్చింది. నవ్వు సగంల ఉండంగనె
నడుము ఎనకకెల్లి నొప్పి లేచింది.

దండకం చదువుదామనుకున్న.
చిన్నప్పటి సంది నోటికొచ్చినదే,
రెండో లైను దాటలే.
దేవుళ్ల పేర్లన్నీ ఒక్కసారె వచ్చి
గొంతుకాడ తోసుకున్నయ్. ఒక్కటీ బయటవడలే.
బయటవడ్డది:
"లింగంపల్లి."

ఆరేండ్లు లోకల్ బండిల తిరిగిన నోరు కదా.
పొద్దంత బిల్లింగు కౌంటర్ల నిలవడి
రాత్రి ఇంటిదాక నిలవడే వచ్చిన నోరు.
నొప్పికొక్క స్టేషను.
చందానగర్. హఫీజ్‌పేట. హైటెక్ సిటీ.
నొప్పికీ నొప్పికీ నడుమ
కిటికీలకెల్లి గాలి తగిలినట్టు ఒక నిమిషం.

భరత్‌నగర్ కాడ, ఎల్లమ్మ గుడి దిక్కు తిరిగి
రోజూ చెయ్యి గుండెకు తాకిచ్చుకునేదాన్ని.
ఇయ్యాల చెయ్యి మంచం కడ్డీని ఇడువలే.
చూసింది కావచ్చు తల్లి.
చూడకుంటె కూడా
బండి బేగంపేట దాటింది.

సికింద్రాబాద్ల ఎప్పటిలెక్కనే మస్తు రష్షు.
డాక్టరమ్మలు ఇద్దరు అయిండ్రు, ముగ్గురు అయిండ్రు.
సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ,
విద్యానగర్ నడుమల ఒకటి మరిచిపోయిన,
ఎనకకు పోయి మళ్లొచ్చిన.
కాచిగూడ.

కాచిగూడ దాటినంక
బండి ఆగింది.

కడుపు మీద మిషను పెట్టి చిన్న డాక్టరమ్మ
పెద్ద డాక్టరమ్మ మొఖం దిక్కు చూసింది.
ఎవ్వరూ ఏమీ అనలే.
ఆ అననిది నాకు ఇనపడ్డది.

మలక్‌పేటకు ముందట బండి ఆగుడు నాకెరికే.
సిగ్నలుండదు, చెప్పేటోడుండడు.
ఫ్యాన్లు బందయితయ్.
ఒకాయన తిట్టుడు షురూ చేస్తడు,
ఒక ముసలామె కిందనే కూసొని
సంత్రపండు తొక్క తీస్తది, తొందర లేకుంట.
ఆరేండ్లల్ల ఎన్నిసార్లు ఆగిందో.
ఒక్కనాడన్న
ఆన్నే ఉండిపోయిందా?

ఆయమ్మ మెహ్రాజ్ బీ నా మోకాలు తన భుజానికానిచ్చుకొని
చెవికాడికి వంగింది.
"ఏందో చదువుతున్నవ్, యాడిదాక వచ్చినవ్ బేటీ?"
"యాకుత్‌పుర" అన్న.
నవ్వలే ఆమె.
"మా ఇల్లు ఆడనే. ఇంక రెండే. జోర్ లగా."

ఉప్పుగూడల నేను దిగాలె.
ఆరేండ్లు ఆన్నే దిగిన, చెప్పుల దుకాణం ముందటికెల్లి ఇంటికి.
ఆ తర్వాత స్టేషను ఎట్లుంటదో ఎన్నడు చూడలే.
దిగలే.
నా స్టేషను నా కండ్ల ముందటనే ఎనకకు పోయింది.

ఏడువలే ముందుగాల.
గోడ గడియారం ముల్లు మూడుసార్లు కొట్టుకుంది.
తర్వాత ఏడ్చింది,
నా మీద కోపమున్నట్టు.

రెండు కిలోల ఏడొందలు. ఆడపిల్ల.
కవర్ల తాడు తెగినకాడ ముడేసి
అత్త పిల్ల కాలికి కట్టింది. అడిగింది:
"నొప్పులల్ల ఏ దేవున్ని తల్సుకున్నవే?"
"అందర్నీ" అన్న.
అబద్ధమని నాకిప్పటికీ అనిపిస్తలేదు.

పురుడు ఎల్లినంక ఖాతాబుక్కు తీసి
చీర కింద, చాదర్ కింద ఇంకొక లైను రాసిన:
ఫలక్‌నుమాకు టికెటు, ఒకటి.
చంకల పిల్లకు టికెటు లేదంట.