దుబాసీ కుర్చీ

హల్ ఆసుపత్రి, మూడో అంతస్తు, నవంబరు వాన.
ఇద్దరి మధ్య కుర్చీ నాది.
దుబాసీకి మొదటి నియమం:
"ఆమె అంటోంది" అనకూడదు,
"నేను" అనాలి.

రత్తమాణిక్యం నా వైపు ఒరిగి గొంతు తగ్గించింది.
"ఇంగ్లీషు వచ్చండీ నాకు. దీనికే రాదు."
వృద్ధుల హోములో రాత్రి డ్యూటీ ఆవిడది.
పదకొండు మందిని ఎత్తి, కూర్చోబెట్టి, తుడిచి,
ఎవరికి అయిందో ఎవరికి కాలేదో
చార్టులో టిక్కు పెడుతుంది.
తనది ఏ చార్టులోనూ లేదు.

ఎన్నాళ్ళకోసారి? అడిగింది డాక్టర్ థ్వెయిట్.
మాట కోసం తడుముకున్నాను.
మలవిసర్జన అంటే పాఠ్యపుస్తకం,
దొడ్డికి అంటే మా నాయనమ్మ,
మోషన్ అంటే ఇంగ్లీషు వేషంలో ఉన్న తెలుగు.
చివరికి, కడుపు ఎన్నాళ్ళకి ఖాళీ అవుతుందండీ అన్నాను.
"వారానికోసారి. అదీ కుస్తీ పట్టి."
నేను వారానికోసారి వెళ్తాను,
అన్నాను ఇంగ్లీషులో, నా గొంతుతో.
అబద్ధం కాదు.

ఏడు బొమ్మల కాగితం బల్ల మీద పరిచింది డాక్టర్.
మొదటి బొమ్మ మీద వేలు పెట్టి
"మేకపెంటికలు" అంది రత్తమాణిక్యం.
నేను నోరు తెరిచేలోపే
డాక్టర్ రాసేసుకుంది.

రక్తం పడుతుందా? లేదు.
బరువు తగ్గావా? లేదు.
మాత్రలేమైనా? ఐరన్, ఏడాదిగా.
పెన్ను అక్కడ కాసేపు ఆగింది.
వచ్చినప్పుడు ఏం చేస్తావు?
"ఆపుకుంటానండీ. బెల్లు మోగుతుంటుంది కదా."

తెర లాగారు.
గోడకేసి తిరిగి, తెర ఇవతల నుంచి చెప్పాను:
బిగపట్టండి. వదలండి. ఇప్పుడు ముక్కండి.
చేతితొడుగు తీసేస్తూ డాక్టర్ అంది,
తోసేటప్పుడే తలుపు బిగుసుకుంటోంది.
బలం చాలానే ఉంది,
వదలడమే ఒళ్ళు మరిచిపోయింది.
మళ్ళీ నేర్పే ఫిజియో ఉంది, పంపిస్తాను.

ఆ ముక్కని తెలుగులోకి తేవడానికి
నాకు మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

రోజూ రెండు పొట్లాల పొడి, నీళ్ళలో కలిపి.
ఐరన్ మాత్ర మార్పు. థైరాయిడ్‌కి రక్తం.
పిలుపు వస్తే వాయిదా వేయకు,
బెల్లు మోగినా సరే.
కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చిన్న పీట,
మోకాళ్ళు నడుం కన్నా పైకి.

"ఓరి దేవుడా," ఫక్కున నవ్వింది రత్తమాణిక్యం,
"విమానమెక్కి ఇంత దూరం వస్తే
మళ్ళీ గొంతుక్కూర్చోమంటున్నారా?"
డాక్టర్ నా వైపు చూసింది.
నవ్వు ఆపుకోలేక
దాన్ని సగమే అనువదించాను.

బస్టాపులో గొడుగు చంకన ఇరికించుకుని
మా క్లినిక్‌కి ఫోను చేశాను.
దేనికోసం అపాయింట్‌మెంట్? అంది అవతలి పిల్ల.
"నేను" అన్నాను.
ఆ తర్వాత మాట రాలేదు.
కాసేపు చూసి, మర్యాదగా అడిగింది,
మీకు దుబాసీ కావాలా?

ఏం చెప్పాలా అని నిలబడ్డాను.
బస్సు వచ్చి, తలుపు తెరిచి,
మూసుకుని వెళ్ళిపోయింది.