పదో మనిషి

గుర్రం వీపున నీలం పెట్టె,
పక్కన నర్సు లిమకాత్సో నడక.
పెట్టెలో ఒకే ఒక్క సీసా.
సూది దిగాక దాని ఆయుష్షు ఆరు గంటలే.
పదిమందికి సరిపోతుంది.
వచ్చింది ఎనిమిది మంది.

జూన్‌లో మంచు పడే లెసోతో కొండలు.
బడి గదిలో దుప్పట్లు కప్పుకుని కూచున్నారు.
"ఆరడుగుల దూరం ఉండమంది రేడియో,"
ముసలి త్సెలిసో నవ్వాడు,
"మా గుడిసే తొమ్మిదడుగులు తల్లీ,
పడుకునేది ఏడుగురం."
"ఎక్కడో మూడోది కూడా వేసుకుంటున్నారటగా,"
అంది వెనక నుంచి ఒకామె.
మాకు మొదటిది.

చేతులు కడుక్కోమన్న కాగితం
నీళ్ళు రాని కుళాయి పైన.
అంటించింది లిమకాత్సోయే.
ఇప్పుడు అటు చూడదు.

మేకలు తోలుకెళ్తున్న కుర్రాణ్ణి కేకేస్తే
"అది వేసుకుంటే పిల్లలు పుట్టరట!"
దూరం నుంచే అరిచాడు.
ఆమె ఏమీ అనలేదు.
కోటు గుండీలు విప్పి
ఆరో నెల పొట్ట చూపించింది.
తొమ్మిది.

పొద్దు వాలుతుంటే ఇక సీసాలో సూది దించింది.

ఆ మిగిలిన ఒక్కటి మళ్ళీ మంచులో పెట్టి
పగ్గం పట్టుకుని
చీకట్లో తలుపు తలుపూ తడుతోంది.
ఇంకా రెండు గంటలుంది.

"ఎవరూ?" లోపల్నించి.

"ఒక్కరు చాలు," అంది.