ఉరుము: సంపుటి ఒకటి, సంచిక ఒకటి

పేరు పైనే ఉండాల, ఎడమ అంచునుంచి మొదలు కావాల.
బంకుల్లో పత్రికలు ఒకదానిమీదొకటి పేరుస్తారు,
బయటికి కనపడేది నాలుగు వేళ్ళ మందమే
అని చెప్పినాడు ఖలందర్ సారు.
సీసపు అక్షరాలు ఏరి ఏరి
వేలికొసలు నల్లబడిన మనిషి.
ఇప్పుడు నా కంప్యూటర్ వెనక స్టూలేసుకోని
టీ చల్లారబెట్టుకుంటా తప్పులు పడతాడు.

రెండే ఫాంట్లు. మూడే రంగులు.
నాలుగోది వాడితే అది పత్రిక కాదు పాపా,
ఎలక్షన్ ఫ్లెక్సీ.
నన్నే అన్నాడని తెలుసు.
అనంతపురం పాతూరు సందులో ఆరేండ్లుగా
నేను చేసిందంతా ఫ్లెక్సీలే:
పుట్టినరోజు నాయకులు, ఓణీల ఫంక్షన్లు,
పెద్దకర్మల చుట్టూ గులాబీలు.

ముఖచిత్రం ఉరుముల మారెప్ప.
కూడేరు పక్కనుంచి బస్సులో వచ్చినాడు.
ఉరుముకు గూడా టికెట్ కొట్టినారంట, లగేజీ అని.
నిజమా అంటే జేబులోంచి తీసి చూపించినాడు.
విషయసూచిక పక్కన అదే వేసినా, ఉన్నదున్నట్టు,
మడతతో సహా.

కండ్లు సూటిగా చూడాల, కొనేవాని కండ్లలోకి.
అది రూలు.
మారెప్ప వాయించేటప్పుడు కండ్లు మూస్తాడు.
రెడ్డెప్ప నూటపద్నాలుగు ఫోటోలు తీస్తే
నూటపదమూడింట్లో కనురెప్పలే.
మిగిలిన ఒక్కటి
రేషన్ కార్డు మీద మొహం.

బొమ్మ పేరుమీదికి రావచ్చు,
ఊరందరికీ తెలిసిన పత్రికైతే.
ఒక అక్షరం మూసినా పోల్చుకుంటారు.
మనదింకా పుట్టనే లేదు కదా, అన్నాడు సారు.
నేనెట్ల జరిపినా
ఎత్తిన ఉరుము పోయి ‘రు’ మీదనే కూర్చుంటాది.
పక్కకు లాగితే చెయ్యి తెగుతుంది,
కుదిస్తే మనిషి చిన్నబోతాడు.

మారెప్ప తెర దగ్గరికొచ్చి నిలబడినాడు.
చదువు రాదు.
“నా వాయిద్యం ఏం మూసిందిమ్మా?”
“రు” అన్నా.
“అంతేనా” అని
వంకరపుల్ల తీసి తోలుమీద రుద్దినాడు, ఒక్కసారి, మెల్లగా.
టీ గ్లాసు వణికింది.
కింద జిరాక్సు షాపాయన
ఎవురి బుల్లెట్టో అనుకోని బయటికొచ్చి చూసినాడు.
ఖలందర్ సారు ఏమీ అనలేదు.
నేను సేవ్ నొక్కినా,
మూసిన కండ్లతోనే, మూసిన అక్షరంతోనే.

మధ్య పేజీల్లో ఇంటర్వ్యూ.
మొదటి అక్షరం నాలుగు వరసల ఎత్తుండాల.
మారెప్ప మొదటి మాట “గ్రామం”.
గ కింద వత్తు దిగి దిగి
అయిదో వరసలో మాటను గుద్దింది.
ఈ రూలు పెట్టినోళ్ళకు వత్తుల్లేవు, వాళ్ళ సుఖమే సుఖం.

వెనక అట్ట బోర్ల ఏజెన్సీకి.
ఖర్చంతా పెట్టుకున్నది వాళ్ళే గనక మంచి పేజీ వాళ్ళదే:
నీలం లారీ, ఎగజిమ్మే నీళ్ళు,
మా జిల్లాలో ఎవురూ చూడనంత నీళ్ళు.
ఓనరు జాతర కమిటీలో గూడా ఉన్నాడు.
ప్రూఫు చూస్తా చూస్తా
మధ్య పేజీ దగ్గర వేలు పెట్టి ఆగినాడు.
అక్కడ మారెప్ప మాట:
“అమ్మోరిని మేమే లేపాల.
లేచినాక మమ్మల్ని పక్కకు జరగమంటారు.”

“ఇది కొంచెం చిన్నగా ఏస్తే బాగుంటాదేమో.”

ఎత్తి చూపే మాట పెద్దగానే ఉండాల సార్,
ప్రపంచమంతా అంతే, అది రూలు.
ముప్పైఆరు పాయింట్లు, బోల్డు, చుట్టూ ఖాళీ.
చెప్తాంటే గొంతు ఆరిపోయింది.
వెనక స్టూలు కిర్రుమంది.
“రూలే” అన్నాడు ఖలందర్ సారు,
చల్లారిన టీ తాగుతా.

ఇంక బార్‌కోడ్, కింద, కుడిపక్క.
మూడు వందల కాపీలకు మాకెవురిస్తారు?
బిస్కెట్ పొట్లం స్కాన్ చేసి అతికించినా.
సూపర్‌మార్కెట్లో ఎవురైనా ఎర్రదీపం కింద పెడితే
బిస్కెట్లు, పది రూపాయలు అంటాది.
వెల గూడా పదే పెట్టినా,
అబద్ధం సగమే ఉండనీ అని.