ప్రెసిడెంటు గారి ఇల్లు

ఫోనులో చూపించాడు మందుల షాపు కుర్రాడు
అమెరికాలో ఒక మాజీ ప్రెసిడెంటు ఇల్లు.
మనిషి పోయి ఏళ్ళయినా
మంచం కింద చెప్పులు జతగానే ఉన్నాయి.
గది గుమ్మానికి అడ్డంగా ఎర్ర ముఖమల్ తాడు,
తాడుకి ఇవతల టిక్కెట్టు కొన్న జనం
నిద్రపోయే మనిషిని లేపకూడదన్నట్టు మాట్లాడుకుంటున్నారు.
గోడ రంగు వెలిస్తే
పాత ఫొటోలు చూసి మళ్ళీ అదే రంగు కలుపుతారట.
ఆయనకి అలాంటి ఇళ్ళు మూడున్నాయట.

మన ప్రెసిడెంటు గారికి ఒకటే ఉండేది,
అదీ వైనతేయకి నూట పది అడుగుల్లో.
కొలిచింది నేనే, పంచాయతీ బిల్లు కలెక్టర్ని.
శ్రావణం వెళ్ళేసరికి డెబ్బై రెండు.

సరెళ్ల దీనమ్మ గారు.
తొంభై అయిదు నుంచి ఆరేళ్ళు.
తర్వాత నలుగురు గెలిచారు గాని
కొర్రాయిలంకలో ప్రెసిడెంటంటే ఇప్పటికీ ఆవిడే.
సంతకం పెట్టేముందు కాగితాన్ని
ఎడమ అరచేత్తో అదిమి పట్టేది,
ఎగిరిపోయే పీచుని తాడులోకి పేనుతున్నట్టు.
మీటింగుకి ఇంటి నుంచి కొబ్బరిదుంగ పీట తెచ్చుకునేది.
ఎందుకు తెచ్చుకునేదో
ఆ రోజుల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు.
నేనూ కూర్చున్నాను.

మనమూ దాద్దాం అన్నాడు పంటు సరంగు మల్లాడి కామేశు.
రబ్బరు స్టాంపు, ఊదా రంగు ఎండిపోయిన సిరా డబ్బా,
పీట, కళ్ళజోడు, ఒక కాలు అరిగిన చెప్పులు
అన్నీ నడిమింట్లో సర్దాం.
ముఖమల్ ఎక్కడ తెస్తాం?
ఆవిడ పేనిన కొబ్బరి తాడే అడ్డం కట్టాం.
బళ్ళోంచి పదకొండు మంది పిల్లలొచ్చారు.
తాడు కిందనుంచి దూరి ఒక మేకపిల్ల కూడా.
కోడలు రూతు చూసి చూసి అడిగింది
"బాగానే ఉందండి. మరి నేను అన్నం ఎక్కడ వండుకోను?"
ఎవరికీ జవాబు తోచలేదు.
తాడు కొంచెం పక్కకి జరిపాం.

భాద్రపదంలో ఎర్రనీళ్ళు.
కొబ్బరిచెట్లు పడలేదు,
నిలబడి నిలబడే కిందకి దిగిపోయాయి
మెట్లు దిగుతున్న పెద్దమనుషుల్లా.
మేం పెంకులు దించాం, పద్దెనిమిది వందల నలభై.
తలుపులు దించాం. దూలం రాలేదు.
ఆ తాడుతోనే తలుపుల్ని పంటుకి కట్టి
గట్టు మీదకి చేర్చాడు కామేశు.
తెల్లారి చూస్తే నడిమిల్లు లేదు,
వంటింటి గోడ సగం ఉంది,
దాని మసి కడుక్కుంటూ గోదారి.

ఇప్పుడు అక్కడ పదిహేను అడుగుల లోతు.
కొత్తవాళ్ళెవరైనా పంటెక్కితే
కామేశు ఇంజను తగ్గించి
"ఇది ప్రెసిడెంటు గారి వంటిల్లండి" అంటాడు.
వాళ్ళు నీళ్ళకేసి చూస్తారు.

నా దగ్గరున్నవి రెండు పుస్తకాలు.
ఒకటి తీర్మానాలది. రాత నాది, సంతకం ఆవిడది.
"రాత్రి పది దాటాక ఏ గట్టున లాంతరు ఊపినా
పురిటి మనిషికోసం పంటు కదలవలెను."
కారణం అన్నచోట ఖాళీ వదిలించింది.
అంతకు ముందేడు వాళ్ళింట్లో ఏం జరిగిందో
నేను రాయబోతే చెయ్యి పట్టుకుంది.

రెండోది ఇంటిపన్ను పుస్తకం.
డోరు నంబరు మూడు బై నలభై ఒకటి
కొట్టెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది.
ఎర్ర పెన్ను దొరకడం లేదని రాశాను.
ఏడాదికి నూట పద్దెనిమిది రూపాయలు
నేనే కడుతున్నాను, రసీదు ఆవిడ పేరునే.
ఆ కుర్చీ అద్దె అనుకోండి.

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక
అవతలి గట్టున ఎవరో సెల్లు లైటు ఊపారు.
కామేశు నిద్రమొహంతోనే లేచి
గుంజకి కట్టిన కొబ్బరి తాడు విప్పాడు.